గడ్డి మీద రైలు: నార్వే అమ్మాయిల ఫుట్‌బాల్ జ్ఞాపకాలు

1995 జూన్ 15. స్వీడన్‌లోని వెస్టెరోస్ మైదానం. మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్, నార్వేకూ అమెరికాకూ. చివరి విజిల్ పడగానే నార్వే అమ్మాయిలు రైలు కట్టారు. ముందు ఒకామె మోకాళ్లూ చేతులూ నేలకానించి ఇంజన్ అయింది. వెనకామె వంగి ఆమె చీలమండలు రెండూ పట్టుకుంది. ఈమె చీలమండలు ఇంకొకామె. అలా పెట్టె వెనక పెట్టె. ఆ రైలు నడపడం చూసినంత తేలిక కాదు. చేతులు ముందున్నామె కాళ్లను పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒంటి బరువంతా మోకాళ్ల మీదే పడుతుంది. ఇంజన్ తొందరపడితే నడుమ లంకె ఊడిపోతుంది. అందరి మోకాలూ ఒకే లయలో లేవాలి. తొంభై నిమిషాలు పరుగెత్తి, చివర్లో పదిమందితోనే ఆడి, ఆ అలసటతోనే పచ్చిక మీద పాకుతూ పోయారు. అమెరికా అమ్మాయిలు చూస్తుండగానే. స్కోరు 1-0.

మహిళల ప్రపంచకప్ చరిత్రలో ఎన్ని సంబరాలు వచ్చినా ఆ రైలు ఆ రైలే. దాని వెనక నాలుగేళ్ల బాకీ ఉంది.

ఆ బాకీ సంగతి చెప్పే ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. నార్వే ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్ల ఆటను తన గొడుగు కిందికి తీసుకున్నది 1976లో. రెండేళ్లకు, 1978లో, జాతీయ జట్టు మొదటి అధికారిక మ్యాచ్ ఆడింది. ఎదురుగా పక్కింటి స్వీడన్. 2-1తో ఓడిపోయారు. 1984లో యూరప్ మొదటి టోర్నీని గెలిచింది కూడా స్వీడనే. అప్పట్లో పోటీ అంతా ఈ ఇరుగుపొరుగు మధ్యే. అప్పటి నార్వే జనాభా కాస్త అటూ ఇటూగా ఆనాటి హైదరాబాద్ జనాభా అంత. ఏడాదిలో సగం మంచు కాలం. అంత చిన్న దేశం అందరికంటే ముందు ఎలా నిలిచిందంటే, మిగతా దేశాలు ఆడపిల్లల ఆటను ఇంకా నవ్వులాటగా చూస్తున్న రోజుల్లోనే వీళ్లు కోచ్‌ని పెట్టి, శిబిరాలు పెట్టి, పద్ధతిగా మొదలుపెట్టారు కాబట్టి.

ఈ కథలో మైదానంలోకి దిగని ఒకామెను మరచిపోకూడదు. ఎలెన్ విల్లె. 1986లో మెక్సికోలో జరిగిన ఫిఫా మహాసభలో మైకు ముందుకొచ్చి మాట్లాడిన మొదటి మహిళ ఆమె. మగవాళ్లతో నిండిన ఆ హాల్లో నిలబడి, ఆడవాళ్లకూ ప్రపంచకప్ కావాలి, ఒలింపిక్స్‌లో చోటు కావాలి అని అడిగింది. రెండేళ్లకే చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో 12 జట్లతో ప్రయోగాత్మకంగా ఒక టోర్నీ జరిపారు. 1988 జూన్ 12న ఫైనల్లో స్వీడన్‌పై 1-0తో గెలిచింది నార్వేనే. గోల్ లిండా మెడాలెన్‌ది. ఓస్లోలో పోలీసు ఉద్యోగం చేస్తూ ఆడిన మనిషి. ఆ టోర్నీ విజయవంతమయ్యాకే ఫిఫా అసలు ప్రపంచకప్‌కు పచ్చజెండా ఊపింది. మహిళల ప్రపంచకప్ అనే ఇంటికి నార్వే వాళ్లు పునాది రాయి వేశారంటే అది పొగడ్త కాదు, జరిగిన సంగతి.

అంతకు ముందు ఏడాది, 1987 జూన్‌లో, ఓస్లోలోని ఉల్లెవాల్ స్టేడియంలో యూరప్ ఫైనల్. మళ్లీ స్వీడనే. 2-1తో నార్వే గెలిచింది. రెండు గోల్సూ ట్రూడె స్టెన్‌డాల్ కొట్టింది. 1989 ఫైనల్లో మాత్రం ఓస్నాబ్రూక్‌లో పశ్చిమ జర్మనీ 4-1తో చితక్కొట్టింది. గెలిచిన జర్మన్ అమ్మాయిలకు వాళ్ల సంఘం ఇచ్చిన బహుమానం ఏమిటో తెలుసా? కాఫీ కప్పుల సెట్టు. ఆ కాలం ఎలాంటిదో చెప్పడానికి ఆ కప్పులు చాలు.

ఎవెన్ పెలెరూడ్ కోచ్‌గా వచ్చింది ఆ కాలంలోనే. నార్వే ఆట అనగానే ఇప్పటికీ మనసులో మెదిలేది ఆయన నేర్పిన ఆటే. నడుమలో చిన్న చిన్న పాస్‌లతో ఇల్లు కట్టుకుంటూ కూర్చోరు. వెనక నలుగురు డిఫెండర్లు ఒక గీత మీద నిలబడతారు. ఎవరి మనిషిని వాళ్లు వెంటాడరు, ఎవరి జాగాను వాళ్లు కాస్తారు. బంతి దొరకగానే ఒకటి రెండు తాకిళ్లలో పొడుగ్గా ముందుకు. ముందు ఆన్ క్రిస్టిన్ ఓరోనెస్ ఉంటుంది, ఆరడుగుల మనిషి. ఆమెను కాసే డిఫెండర్ తల ఆమె భుజం దగ్గరికి వస్తే గొప్ప. ఓరోనెస్ బంతిని తలతో గోల్‌లోకే కొట్టనక్కర్లేదు. కొంచెం తాకి పక్కకు రాల్చితే చాలు. ఆ రాలిన బంతే అసలు బంతి. దాన్ని రెండో బంతి అంటారు. అది ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టి మిడ్‌ఫీల్డ్ వాళ్లు అప్పటికే పరుగులో ఉండాలి. అర సెకను ఆలస్యమైతే అదే బంతి అవతలి జట్టుది. అప్పుడు మిడ్‌ఫీల్డ్ అంతా ఎదురుగా పరిగెత్తుతూ ఉంటుంది, వెనక ఖాళీ. ఈ పద్ధతి విరిగిన ప్రతిసారీ అక్కడే విరిగింది. అదే రోజుల్లో నార్వే మగవాళ్ల జట్టును ఎగిల్ ఓల్సెన్ కూడా ఈ దారిలోనే నడిపించాడు.

చాలామంది దీన్ని మొరటు ఆట అన్నారు. ఆ మాట అన్నవాళ్లు హేగె రీసెని సరిగ్గా చూసి ఉండరు. ఎడమ కాలి ఆటగత్తె. రాలిన రెండో బంతి ఆమె కాలికి తగిలిందంటే మొరటుదనం అక్కడితో ఆగిపోయేది. ఆమె తలెత్తి చూసి పాస్ ఇచ్చే ఆ ఒక్క క్షణం కోసమే మిగతా పదిమందీ అంత పరుగెత్తారనిపించేది. 188 మ్యాచ్‌లు, 58 గోల్స్. ఈ జట్టుకు ఆమె అంత ప్రాణం.

ఇక ఆ బాకీ. 1991 నవంబర్, చైనా, మొట్టమొదటి ప్రపంచకప్. ఆడవాళ్లు తొంభై నిమిషాలు ఆడలేరన్నట్టు అప్పట్లో మ్యాచ్ 80 నిమిషాలే. ప్రారంభ మ్యాచ్‌లోనే చైనా చేతిలో 4-0తో ఓడారు. నార్వే అక్కడ చెదిరిపోలేదు. న్యూజిలాండ్‌ను 4-0, డెన్మార్క్‌ను 2-1 తేడాతో దాటారు. క్వార్టర్ ఫైనల్లో ఇటలీతో అదనపు సమయం దాకా వెళ్లి, తీనా స్వెన్‌సన్ పెనాల్టీతో 3-2గా బయటపడ్డారు. సెమీస్‌లో స్వీడన్‌ను 4-1తో ఓడించారు. నవంబర్ 30న గ్వాంగ్‌జౌలోని తియాన్‌హె స్టేడియంలో ఫైనల్. ఎదురుగా అమెరికా. 20వ నిమిషంలో మిషెల్ ఏకర్స్ గోల్, 29లో మెడాలెన్ జవాబు. తర్వాత నార్వేదే పైచేయి. అదనపు సమయం ఖాయమనుకున్నారంతా.

78వ నిమిషం. ఒక పొడుగు బంతి నార్వే డిఫెన్స్ వైపు వచ్చింది. స్వెన్‌సన్ దాన్ని అందుకుని గోల్‌కీపర్ రైడున్ సెట్‌కు వెనక్కి తోసింది. అప్పటి నిబంధనల్లో అదే అన్నిటికంటే క్షేమమైన పని, ఎందుకంటే అలా కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో తీసుకోవచ్చు. ఆ వెసులుబాటు 1992లో పోయింది. కానీ తోపులో బలం చాలలేదు. బంతికీ కీపర్‌కూ మధ్య ఏకర్స్ దూరింది, సెట్‌ను దాటుకుని ఖాళీ గోల్‌లోకి నెట్టింది. 2-1. రెండు నిమిషాలే మిగిలాయి. ఇటలీ మీద గట్టెక్కించిన ఆ కాలే ఇక్కడ ఒక్క తోపు తక్కువ చేసింది. స్వెన్‌సన్‌ను ఎవరూ తప్పుపట్టకూడదు. అలసిన కాలికి బంతి బరువు తెలియదు, అంతే.

1993లో చెసెనాలో ఇటలీని దాని సొంతగడ్డ మీదే 1-0తో ఓడించి యూరప్ కప్ మళ్లీ తెచ్చుకున్నారు. గోల్ బిర్తె హెగ్‌స్టాడ్‌ది, 75వ నిమిషంలో. 1995 వచ్చేసరికి జట్టు నిండుగా పండింది.

ఆ ఏడాది ప్రపంచకప్‌లో వాళ్ల మ్యాచ్‌ల్లో సగం కార్ల్‌స్టాడ్‌లో పడ్డాయి. నార్వే సరిహద్దుకు దగ్గరి ఊరు, దాదాపు సొంతూరే. నైజీరియాపై 8-0, ఇంగ్లండ్‌పై 2-0, తర్వాత యెవ్లె పట్టణంలో కెనడాపై 7-0. గ్రూపులో 17 గోల్స్ కొట్టి ఒక్కటీ ఇవ్వలేదు. క్వార్టర్స్‌లో డెన్మార్క్‌పై 3-1. డెన్మార్క్ ఆఖర్లో కొట్టిన ఆ ఒక్కటే టోర్నీ మొత్తంలో బెంటె నోర్డ్‌బీని దాటిన బంతి. ఒక్కో సగంలో ఒక్కో జట్టు రెండు నిమిషాల టైమ్ అవుట్ తీసుకోవచ్చన్న ప్రయోగం కూడా ఆ ఏడాదే చేశారు. అది నిలవలేదు, నిలవకపోవడమే మంచిదైంది.

సెమీస్‌లో అమెరికా. పదో నిమిషంలో కార్నర్. ఓరోనెస్ లేచింది, తలతో కొట్టింది. ఆ తర్వాత ఎనభై నిమిషాలు అమెరికా దాడి, నార్వే కాపలా. చివర్లో కెప్టెన్ హైడి స్టోరెకు రెడ్ కార్డ్. పదిమందితోనే గోడ కట్టి నిలబడ్డారు. తర్వాత రైలు.

జూన్ 18న సోల్నాలోని రోసుండా స్టేడియంలో జర్మనీతో ఫైనల్. వాన. స్టోరె ఆడటానికి వీల్లేదు గనక కెప్టెన్ పట్టీ గ్రో ఎస్పెసెత్ చేతికి వచ్చింది. ఆ పేరు గుర్తుంచుకోండి. 37వ నిమిషంలో రీసె బంతిని తనే తోలుకుంటూ వెళ్లి, డిఫెండర్లను తప్పించి కొట్టింది. మూడు నిమిషాలకు మరియానె పెటర్సెన్ రెండోది. 2-0. ఆరు మ్యాచ్‌ల్లో 23 గోల్స్, పోగొట్టుకున్నది ఒక్కటి. ఉత్తమ క్రీడాకారిణి రీసె, ఎక్కువ గోల్స్ ఆరుతో ఓరోనెస్. ఆ తడిసిన ఎర్ర చొక్కాల ఫొటో చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు నిండిపోతుంది.

1996 అట్లాంటా. మహిళల ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన మొదటిసారి. సెమీస్‌లో మళ్లీ అమెరికాయే, ఈసారి వాళ్ల గడ్డ మీద, అరవై వేల పైచిలుకు జనం ముందు. మెడాలెన్ 18వ నిమిషంలో కొట్టిన గోల్‌తో నార్వే గంట దాకా నెగ్గుకొచ్చింది. 76వ నిమిషంలో పెనాల్టీ పెట్టెలో బంతి ఒక చేతికి తగిలింది. ఆ చెయ్యి ఎస్పెసెత్‌ది. ఏకర్స్ పెనాల్టీ కొట్టింది, 1-1. అప్పటి పద్ధతి గోల్డెన్ గోల్. అదనపు సమయంలో ఎవరు ముందు కొడితే అక్కడికక్కడే ఆట ఆఖరు, జవాబు చెప్పుకునే వీలే లేదు. బెంచీ మీంచి షానన్ మెక్‌మిలన్ లోపలికి వచ్చింది. నాలుగు నిమిషాలకే, నూరో నిమిషంలో, కొట్టేసింది. నార్వేకు బ్రెజిల్‌పై 2-0 గెలుపుతో కాంస్యం దక్కింది. రెండూ ఓరోనెస్ గోల్సే.

1999 ప్రపంచకప్ సెమీస్‌లో చైనా 5-0తో నలిపేసినప్పుడు, ఈ జట్టు పని అయిపోయిందనే అన్నారు.

తర్వాత సిడ్నీ. 2000 సెప్టెంబర్ అంటే తెలుగువాళ్లందరికీ 19వ తేదీ గుర్తు, కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యం తెచ్చిన రోజు. అదే ఊళ్లో, తొమ్మిది రోజులకు, 28న, మహిళల ఫుట్‌బాల్ ఫైనల్. గ్రూపులో మొదటి మ్యాచ్‌లోనే అమెరికా చేతిలో 2-0తో ఓడిన నార్వే, నైజీరియానూ చైనానూ దాటి, సెమీస్‌లో జర్మనీ సొంత గోల్‌తో 1-0గా గట్టెక్కి, మళ్లీ అదే అమెరికా ముందు నిలబడింది.

అయిదో నిమిషంలోనే టిఫనీ మిల్‌బ్రెట్ కొట్టింది. సగం ముగిసేముందు, 44లో, సమం చేసిన గోల్ ఎవరిదో చెప్పనా? గ్రో ఎస్పెసెత్‌ది. నాలుగేళ్ల కిందట చేతికి తగిలిన బంతి బాధ ఆ ఒక్క గోల్‌తో పోయిందో లేదో ఆమెకే తెలియాలి, చూసేవాళ్లకు మాత్రం గొంతు పట్టేసింది. 78లో రాగ్న్‌హిల్డ్ గుల్‌బ్రాండ్సెన్ గోల్‌తో నార్వే ముందుకొచ్చింది. తొంభై దాటాక రెండో నిమిషం. మియా హామ్ పక్క నుంచి బంతి వేసింది, మిల్‌బ్రెట్ తలతో కొట్టింది. మైదానంలో అందరికంటే పొట్టివాళ్లలో ఆమె ఒకతె. ఆకాశం తమదే అనుకున్న జట్టుకు ఆకాశంలోనే దెబ్బ తగిలింది. డిఫెండర్లు ఎత్తును నమ్ముకుని అక్కడే నిలబడ్డారు, ఆమె పరుగు మీద వచ్చింది. గాల్లో బంతికి ఎత్తుకంటే పరుగు ముఖ్యమన్న పాఠం ఆ గోల్‌లో మొత్తం ఉంది.

మళ్లీ గోల్డెన్ గోల్. 102వ నిమిషం. రీసె ముందుకు పంపిన బంతి డాగ్నీ మెల్‌గ్రెన్ దగ్గర పడింది. లొంగదీసుకునే క్షణంలో చేతికి తగిలిందని అమెరికా వాళ్లు చేతులెత్తారు. రిఫరీ ఆపలేదు. మెల్‌గ్రెన్ కొట్టింది, అయిపోయింది. 3-2. యూరప్, ప్రపంచకప్, ఒలింపిక్స్ మూడూ గెలిచిన మొదటి మహిళా జట్టు నార్వే. జర్మనీకి ఆ ముచ్చట తీరడానికి 2016 దాకా పట్టింది.

అక్కడి నుంచి కథ జోరు తగ్గింది. 2003 ప్రపంచకప్ క్వార్టర్స్‌లో అమెరికా 1-0. ఆబీ వాంబాక్ తలతో కొట్టిన గోల్. ఓరోనెస్ చేసిన పనినే అమెరికా ఇప్పుడు తన మనిషితో చేయించింది. 2005 యూరప్ ఫైనల్లో జర్మనీ 3-1. 2007 ప్రపంచకప్‌లో నాలుగో స్థానం. 2011లో మొట్టమొదటిసారి ప్రపంచకప్ గ్రూపు దశలోనే ఇంటిదారి. మిగతా దేశాలు వృత్తి క్లబ్బులు కట్టాయి, పిల్లలకు చిన్నప్పటి నుంచే కాలి పని నేర్పాయి. బంతిని తమ దగ్గరే ఉంచుకునే జట్టు మీద పొడుగు బంతి పద్ధతి పనిచేయదు, పంపడానికి ముందు బంతి దొరకాలి కదా.

2013లో పెలెరూడ్ తిరిగొచ్చాడు, పాత జ్ఞాపకాలన్నీ కదిలాయి. ఆ యూరప్ టోర్నీ గ్రూపులో జర్మనీని 1-0తో ఓడించారు. సెమీస్‌లో డెన్మార్క్‌ను పెనాల్టీల్లో దాటారు. 18 ఏళ్ల ఆడా హెగెర్‌బెర్గ్ అప్పుడే వెలుగులోకి వచ్చింది. జులై 28న సోల్నాలో, 41,301 మంది ముందు, మళ్లీ జర్మనీతో ఫైనల్. ఒకే మ్యాచ్‌లో నార్వేకు రెండు పెనాల్టీలు. 29వ నిమిషంలో ట్రినె రోనింగ్ కొట్టింది, నాడినె ఆంగెరర్ కాలితో ఆపింది. విరామం తర్వాత ఆన్యా మిట్టాగ్ జర్మనీకి గోల్ కొట్టింది. 61లో సోల్‌వేగ్ గుల్‌బ్రాండ్సెన్ రెండో పెనాల్టీకి వచ్చింది. ఆంగెరర్ దూకి చేత్తో ఆపింది. మొదటిది పోయాక రెండోది కొట్టేవాళ్ల మీద రెట్టింపు బరువు. కీపర్‌కేమో మొదటిది ఆపిన ధైర్యం. పన్నెండు గజాల దూరం అప్పుడు రెండు వైపులా ఒకేలా ఉండదు. 1-0.

2017 యూరప్‌లో మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు, ఒక్క గోల్ లేదు. ఆ అక్టోబర్‌లోనే మగవాళ్లతో సమాన జీతాల ఒప్పందం వచ్చింది. ఆడవాళ్ల జట్టు మొత్తం 31 లక్షల క్రోనర్ల నుంచి 60 లక్షలకు పెరిగింది. అందులో 5.5 లక్షలు మగ ఆటగాళ్లు తమ వాటాలోంచి వదులుకున్నవి. నార్వే మళ్లీ దారి చూపింది. అయినా హెగెర్‌బెర్గ్ ఆ ఏడాదే జాతీయ జట్టుకు దూరమైంది. తన గొడవ డబ్బు గురించి కాదని, ఆడపిల్లల ఆటకు ఇచ్చే మర్యాద, ఏర్పాట్ల గురించని చెప్పింది. 2018లో, ఏటా ఉత్తమ ఆటగత్తెకు ఇచ్చే బాలన్ డి ఓర్‌ను మహిళల్లో మొదటగా గెలుచుకుంది, 2019 ప్రపంచకప్‌కు మాత్రం రాలేదు. 2022లో తిరిగొచ్చింది.

తిరిగొచ్చిన ఏడాదే యూరప్ టోర్నీలో బ్రైటన్ మ్యాచ్. జులై 11, ఇంగ్లండ్ 8, నార్వే 0. విరామానికే ఆరు. యూరప్ కప్పుల్లో, ఆడవాళ్లవైనా మగవాళ్లవైనా, అంత తేడా ఎప్పుడూ లేదు. పన్నెండో నిమిషం పెనాల్టీ దాకా ఆట సమంగానే ఉంది. తర్వాత డిఫెన్స్ గీత ముందుకూ పోలేక వెనక్కీ రాలేక నడుమలో ఇరుక్కుంది. ఇంగ్లండ్ రెక్కల్లో ఆడే మీడ్, హెంప్ ఇద్దరూ నార్వే ఫుల్‌బ్యాక్‌ల, అంటే అంచుల్లో కాసే డిఫెండర్ల, వెనక ఖాళీలోకి పదేపదే పరిగెత్తారు. ఒకప్పుడు నార్వే అందరికీ చేసిన పని అది. ఆ వేసవి తర్వాత హేగె రీసెనే కోచ్‌గా పిలిచారు. 2023 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ చేతిలో 1-0 ఓటమి, ఫిలిప్పీన్స్‌పై 6-0, ప్రీ-క్వార్టర్స్‌లో జపాన్ చేతిలో 3-1. ఆమె చేతిలో రెండో బంతి అందుకునే మిడ్‌ఫీల్డ్ లేదు, తనలాంటి కాలు అంతకన్నా లేదు.

నార్వేలో ఈ జట్టును ముద్దుగా మిడతలు అంటారు. 2025లో స్విట్జర్లాండ్‌లో జరిగిన యూరప్ టోర్నీలో ఆ మిడతలు గ్రూపులో మూడుకు మూడూ గెలిచాయి. ఐస్‌లాండ్‌తో 4-3. పాత రోజులు వస్తున్నాయనిపించింది. జులై 16న జెనీవాలో ఇటలీతో క్వార్టర్ ఫైనల్. గిరెల్లీ గోల్‌తో వెనకబడ్డారు. గంట దాటే వేళకు పెనాల్టీ దొరికితే హెగెర్‌బెర్గ్ పక్కకు కొట్టేసింది. తల వంచుకోలేదు, ఆరు నిమిషాలకే సమం చేసింది. 90వ నిమిషంలో పక్క నుంచి బంతి గాల్లో వచ్చింది. గిరెల్లీ పరుగు మీద లేచింది, నార్వే డిఫెండర్లు నిలబడి చూశారు. తలతో కొట్టింది.